మంచం కింద నీళ్ళు

మా అత్తమ్మ తుంటి ఎముక విరిగి, కరీంనగర్‌లో ఆపరేషన్ చేయించుకుని మా ఇంటికి వచ్చిన నాలుగో వారంలో జరిగింది ఇది. మంచిర్యాలలో మేము ఆ ఇల్లు కొనుక్కుని అప్పటికి రెండేళ్ళు. మా ఆయన ఉద్యోగం ఆదిలాబాద్‌లో. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లవారకముందే వెళ్ళిపోతారు. నేను ఇక్కడి సర్కారు బడిలో టీచర్ని. వేసవి సెలవులు కావడం వల్ల అత్తమ్మను చూసుకోవడానికి వీలు చిక్కింది.

ఇల్లు పాతది. రెండు పక్కలా గోడలు పొరుగిళ్ళ గోడలకు అంటుకునే ఉంటాయి. వీధిలోకి హాలు, దాని వెనక ఒక చిన్న గది, ఆ వెనక వంటిల్లు, చివరన పెరట్లో నీళ్ళ సంపు. కింద అంతా షాబాద్ బండలు. అత్తమ్మ కోసం ఆసుపత్రి మంచం లాంటి ఎత్తు ఇనుప మంచం ఒకటి తెప్పించాం. అది లోపలి గది తలుపులో పట్టలేదు. వీధి తలుపు రెండు రెక్కలది కాబట్టి హాల్లోకి మాత్రం వచ్చింది. అలా అత్తమ్మ హాల్లో, ఇంటికి వచ్చేపోయేవాళ్ళందరి కళ్ళ ముందు పడుకోవలసి వచ్చింది. అది ఆవిడకు నచ్చలేదు.

వేములవాడ దగ్గరి పల్లెలో జీవితమంతా పొలం పని చేసిన మనిషి. మామయ్య పోయాక కూడా కూలీలను పెట్టి వరి నాటించింది, కోయించింది. అలాంటి మనిషి బావి గట్టు మీద జారిపడి మంచం పట్టింది. డాక్టర్ వాకర్ ఇచ్చి, రోజూ నాలుగడుగులు వేయమని గట్టిగా చెప్పాడు. ఆవిడ ఒక్క అడుగు కూడా వేయలేదు.

"కాలు నాది గాదు బిడ్డా, ఇనుముది. నా మాట వినది," అనేది.

వాకర్ గోడ పక్కన నిలబడి ఉండేది. దాని మీద ఆవిడ తుండుగుడ్డలు ఆరేసేదాన్ని. కొన్నాళ్ళకు అది బట్టలు ఆరేసుకునేందుకే తెచ్చామన్నట్టు అయిపోయింది.

ఒక సోమవారం ఉదయం, మా ఆయన వెళ్ళిన తర్వాత, చాయ్ పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి మంచం కింద బండలు తడిగా కనిపించాయి. రాత్రి నన్ను లేపడం ఇష్టంలేక, తనే బెడ్‌ప్యాన్ పెట్టుకోబోయి ఒలకబోసుకుందనుకున్నాను. ఏమీ అనలేదు. ఫినాయిల్ పోసి తుడిచేశాను. అత్తమ్మ నా వైపు ఒకసారి చూసి మొహం గోడకు తిప్పుకుంది.

మంగళవారం ఏమీ లేదు. బుధవారం ఉదయం మళ్ళీ తడి. ఆ రోజు కూడా నోరు మెదపకుండా తుడిచాను. సాయంత్రం బజారుకు వెళ్ళినప్పుడు ఒక ప్లాస్టిక్ పక్కగుడ్డ కొనుక్కొచ్చి, ఆవిడను పక్కకు ఒత్తిగిల్లమని చెప్పి దుప్పటి కింద పరిచాను.

"ఇదెందుకు?" అని అడిగింది.

"ఊరికే అత్తమ్మా, మంచిదని," అన్నాను.

"నేను గాదు బిడ్డా," అంది చాలా నెమ్మదిగా.

విననట్టు వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆమెకు సిగ్గు కలిగించకూడదని అలా చేశాననుకున్నాను అప్పుడు. ఇప్పుడు తలచుకుంటే, ఒక్క మాట అడిగి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

శుక్రవారం ఉదయం నేను హాల్లోకి వచ్చేసరికి నీళ్ళు గడప దాకా పారాయి. రెండు బండల మధ్య సందులోంచి చిన్న చిన్న బుడగలతో ఊరుతున్నాయి. వంగి చెయ్యి పెట్టాను. చల్లగా, తేటగా ఉన్నాయి. నల్లా నీళ్ళు. మా వీధిలో నల్లా రోజు విడిచి రోజు, పొద్దున ఆరు గంటలకు వచ్చి గంటసేపు ఉంటుంది. వీధిలోని లైను నుంచి ఒక ఇనుప పైపు హాలు కిందుగా, గది కిందుగా, వంటింటి కిందుగా వెళ్ళి పెరట్లోని సంపులో పడుతుంది. వారం నుంచి సంపు నిండకపోతే ఎండాకాలం కదా, నీళ్ళు సన్నగా వదులుతున్నారేమో అనుకున్నాను. పైపు పగిలి నేల కిందే పోతున్నాయన్న ఆలోచనే రాలేదు.

"ఇప్పుడన్న చూసినవా?" అంది అత్తమ్మ మంచం మీదనుంచి.

నేను ప్లంబర్‌కు ఫోన్ చేశాను.

ప్లంబర్ తొమ్మిదింటికి వచ్చాడు. మంచివాడే, పని తెలిసినవాడు. వీధి తలుపు నుంచి పెరటి దాకా అడుగులు వేసి కొలిచి తల గోక్కున్నాడు.

"టీచరమ్మా, గీ పైపు ఏసి ఎన్నేండ్లయిందో. ఎక్కడ పోయిందో పైకి తెల్వది. నీళ్ళు ఒక కాడ కారి ఇంకో కాడ తేల్తయి. ఈ కొస నుంచి ఆ కొస దాక బండలన్ని లేపాలె."

"బయటి నుంచి కొత్త పైపు వేయలేమా?"

"రెండు దిక్కుల సందు లేకపాయె. మిద్దె మీదికెల్లి ఏద్దామంటె నల్లా నీళ్ళు గంత పైకి ఎక్కయి."

అత్తమ్మ మంచం ఉన్నది ఆ బండల మధ్యనే. ఇంటి నేలంతా లేపితే ఆవిడను ఎక్కడ పెట్టాలి? లోపలి గదీ తవ్వేదే, పైగా అక్కడి మంచం ఎత్తు తక్కువ. కాలు ఎక్కువగా మడవకూడదని డాక్టర్ పదేపదే చెప్పాడు. మా ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఏం చేయాలో తోచక గుమ్మంలో నిలబడ్డాను. ప్లంబర్ సుత్తె, ఉలి తీసి గడప దగ్గర కూర్చున్నాడు.

"ఆగు, ఆగు!" అని వీధిలోంచి గొంతు వినిపించింది.

ఎదురింటి చాచా. బొగ్గుబావిలో ముప్పై ఏళ్ళకు పైగా పంపు నడిపి రిటైరైన మనిషి అని మాత్రం తెలుసు. రెండేళ్ళుగా ఎదురెదురుగా ఉంటున్నాం. బడికి వెళ్తూ నేను తల ఊపేదాన్ని, అరుగు మీద కూర్చుని ఆయన తల ఊపేవారు. అంతకుమించి మాటల్లేవు. ఆయన లుంగీ సర్దుకుంటూ వీధి దాటి వచ్చారు.

"ఎక్కడ పలిగిందో ఎరుక లేకుంట ఇల్లంత పలగ్గొడ్తవా?"

"మరెట్ల తెలుస్తది చాచా? ఎక్స్‌రే తియ్యాల్నా?" అన్నాడు ప్లంబర్.

"వింటె తెలుస్తది."

ప్లంబర్ నవ్వాడు. చాచా నవ్వలేదు. "బావిల నీళ్ళు తోడే పైపులు మైళ్ళకు మైళ్ళు ఉంటయి. లీకయితె అన్ని విప్పి చూస్తమా? చెవి పెట్టి వింటం. ఎల్లుండి నల్లా వచ్చినప్పుడు నన్ను విననియ్యి. దొరకకపోతె నీ ఇష్టం ఉన్నంత పలగ్గొట్టు."

నా వైపు తిరిగి, "ఫికర్ చెయ్యకు బేటీ. రెండు రోజులు మా ఇంటి నీళ్ళు వాడుకోండ్రి," అన్నారు.

ఆ రెండు రోజులూ ఆయన భార్య, చాచీ, నాకు బిందె పట్టనివ్వలేదు. తమ మోటారుకు పొడుగాటి రబ్బరు పైపు తగిలించి వీధికి అడ్డంగా వేసి మా డ్రమ్ములు నింపించింది. రెండేళ్ళుగా పలకరించని మనిషిని కదా అని మొహమాటపడుతుంటే, "పైపు పట్టుకో, నీళ్ళన్ని రోడ్డు పాలయితున్నయి," అని గదిమింది.

శనివారం వస్తారనుకున్న మా ఆయన, ఆఫీసులో ఏదో తనిఖీ ఉందని ఆ వారం రాలేకపోయారు. ఆదివారం ఆరు కాకముందే చాచా ఒక సన్నటి ఇనుప కడ్డీతో వచ్చారు. ప్లంబర్ కూడా వచ్చాడు, నమ్మకం లేకపోయినా చూద్దామని. చాచా ఫ్యాన్ ఆపించారు, ఫ్రిజ్ తీగ పీకించారు, నన్ను గాజులు చప్పుడు కాకుండా చేతులు కట్టుకోమన్నారు. నల్లా వచ్చింది. ఆయన గడప దగ్గర మొదలుపెట్టి, కడ్డీ ఒక కొన బండ మీద, రెండో కొన చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వినడం మొదలుపెట్టారు. ఒక బండ. తల అడ్డంగా ఊపారు. ఇంకో బండ. మోకాళ్ళ నొప్పితో ప్రతిసారీ గోడ పట్టుకుని లేచి, మళ్ళీ వంగుతున్నారు. చూస్తున్న నాకే కష్టంగా ఉంది.

మంచం దాకా వచ్చి ఆగారు. కింద దూరడం కష్టం. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆయన మర్యాదగా కాస్త దూరంగా నిలబడి, సొంత అక్కను పిలిచినట్టు పిలిచి అడిగారు.

"ఆపా, మీరు ఇరవై నాలుగ్గంటలు గీ బండల మీదనే ఉంటున్రు. మీకేమన్న వినిపిస్తదా?"

అత్తమ్మ నా మొహం చూసింది. తర్వాత ఆయన మొహం చూసింది.

"వినిపిస్తది," అంది. "వారం సంది వినిపిస్తున్నది. నల్లా వచ్చినప్పుడు ఎవరో చెవిల గుసగుస చెప్పినట్టు సన్నగ సప్పుడైతది. చెప్తె పిచ్చిదనుకుంటరని చెప్పలే."

"ఏ దిక్కు? తలకాడనా, కాళ్ళకాడనా?"

"కాళ్ళకాడ. ఎడమ దిక్కు. ఆ కోడు పక్కకు."

చాచా నేల మీద పడుకున్నంత పని చేసి కడ్డీని మంచం కోడు పక్కకు తోశారు. చెవి పెట్టారు. చాలాసేపు కదల్లేదు. తర్వాత కడ్డీని ప్లంబర్ చేతికి ఇచ్చి వినమన్నారు. ప్లంబర్ విని, కళ్ళు పెద్దవి చేసి నన్ను చూశాడు. నేనూ విన్నాను. పాలు పొంగు వచ్చే ముందు గిన్నెలో వినపడే శబ్దం లాంటిది, తెంపు లేకుండా.

చాచా సుద్దముక్కతో అక్కడ ఒక గుండ్రం గీసి, నడుం పట్టుకుని లేచారు. "నేను ముప్పై ఏండ్లు విన్న. మీ చెవి నా చెవికంటె నయం ఆపా," అన్నారు.

అత్తమ్మ కొంగు నోటి మీద నుంచి తీసేసింది. ఊరు వదిలి వచ్చాక ఆవిడ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

ఇక మంచం జరపాలి. సుత్తె దెబ్బలు, దుమ్ము, గుంత. ఆవిడ అక్కడ ఉండడానికి వీల్లేదు. చాచీ వచ్చి, "మా ఇంట్ల ముందటి అర్ర ఖాళీగనే ఉన్నది, తలుపు గూడ రెండు రెక్కలదే, అక్కను అటు తీసుకపోదాం," అంది. వాకర్ పట్టుకుని నడిచి రమ్మంటే అత్తమ్మ రెండు చేతులతో మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. చక్రాల కుర్చీ మాకు లేదు. చివరికి చాచా మూల మీది ఆటోస్టాండు నుంచి ఇద్దరు డ్రైవర్లను పిలిచారు. వాళ్ళిద్దరూ, చాచా, ప్లంబరూ నాలుగు కోళ్ళ దగ్గర నిలబడ్డారు.

"వద్దు!" అంది అత్తమ్మ. "నలుగురు మోసుకపోతుంటె చూసెటోళ్ళు ఏమనుకుంటరు? బతికుండంగనే గిట్ల తీసుకపోతరా నన్ను?"

ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. మంచం కోడు పట్టుకున్న డ్రైవర్ చెయ్యి వదిలేశాడు.

చాచీ తమ ఇంటికి వెళ్ళి గొడుగు ఒకటి తెచ్చింది. పెద్ద పెద్ద గులాబీ పూలున్న గొడుగు. దాన్ని విప్పి అత్తమ్మ చేతిలో పెట్టి, వీపు వెనక రెండు దిండ్లు సర్ది కూర్చోబెట్టింది.

"పండుకుంటె అట్ల అనుకుంటరు అక్క. నువ్వు కూసో. గొడుగు పట్టుకో. దావత్‌కు పోతున్నదని అనుకుంటరు."

అత్తమ్మ ఒక నిమిషం ఆలోచించింది. "చీర మంచిది గట్టుకుంటె అయిపోవు," అంది.

పకపకా నవ్వాం. ఆ నవ్వులోనే నలుగురూ మంచం ఎత్తారు. ఎనిమిది గంటల ఎండలో మా అత్తమ్మ గులాబీ పూల గొడుగు కింద కూర్చుని వీధి దాటింది. వెనకే చాచీ వాకర్ పట్టుకుని నడిచింది. పాలు పోయించుకుంటున్న ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. "ఎటు పోతున్నవ్ అమ్మా?" అని ఎవరో అడిగితే, "చుట్టాలింటికి," అంది.

సుద్ద గీత చుట్టూ నాలుగు బండలు లేపాడు ప్లంబర్. నేను తట్టతో మట్టి ఎత్తి పోస్తున్నాను. ఎదురింటి కిటికీలోంచి అత్తమ్మ గొంతు వినపడుతూనే ఉంది. "ఏం పలగ్గొడ్తున్రు? ఎన్ని బండలు తీసిన్రు?" పడుకున్నచోటి నుంచి ఆవిడకు మా మిద్దె పిట్టగోడ తప్ప ఏమీ కనిపించదు. రెండుసార్లు చాచీ వచ్చి చూసి వెళ్ళి చెప్పింది. మూడోసారి విసుక్కుంది.

"నాకు పొయ్యి మీద కూర ఉన్నది అక్క. చూడాల్నంటె లేసి చూడు."

నేను ఇంకో రెండు తట్టల మట్టి ఎత్తి పోశాను. తర్వాత, "ఆ మూల బండ పైలం, అది అసలే పలిగి ఉన్నది!" అని కేక వినిపించింది. తల ఎత్తి చూశాను. కిటికీ ఊచల వెనక అత్తమ్మ నిలబడి ఉంది. ఒక చెయ్యి ఊచ మీద, ఒక చెయ్యి వాకర్ మీద. తట్ట నా చేతుల్లో అలాగే ఉండిపోయింది. పరుగెత్తబోయాను.

చాచా మెల్లగా అన్నారు. "అటు చూడకు బేటీ. మనం చూస్తె భయపడి కూసుంటది. పని చెయ్యి."

నేను వంగి మట్టి ఎత్తాను. కళ్ళలో నీళ్ళు తిరిగి తట్ట సరిగ్గా కనిపించలేదు. వెనక నుంచి ఆవిడ ఆజ్ఞలు వస్తూనే ఉన్నాయి. మట్టి ఎటు పోయాలో, ఏ బండ ఎక్కడ ఆనించాలో, పొలంలో కూలీలకు చెప్పినట్టే చెప్తోంది.

మూరెడు లోతులో పైపు కనిపించింది. రెండు పైపులు కలిపే చోట తుప్పు పట్టి, కందిగింజ పట్టేంత కన్నం. సరిగ్గా సుద్ద గీసిన చోటనే. ప్లంబర్ ఆ ముక్క కోసి తీసి కొత్తది బిగించాడు. తర్వాత చాచా వైపు చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "ఇల్లంత పలగ్గొడ్తుంటి చాచా," అన్నాడు. మంగళవారం నల్లా వచ్చాక పరీక్షించి గుంత పూడ్చాలని, అప్పటిదాకా ఆగాలని ఇద్దరూ అనుకున్నారు.

కాబట్టి అత్తమ్మ చాచీ ఇంట్లోనే ఉండిపోయింది. చాచీ జొన్నరొట్టె, పుంటికూర చేసి పెట్టింది. అత్తమ్మ తిని, "రొట్టె జర మందంగ చేసినవ్ చెల్లె," అందట. మర్నాడు తనే మంచం మీద కూర్చుని, పీట మీద పళ్ళెం పెట్టించుకుని రొట్టె ఎలా తట్టాలో చూపించింది. నేను వెళ్ళేసరికి ఇద్దరి చేతులకూ పిండి. బొగ్గుబావి ముచ్చట్లూ వరి ముచ్చట్లూ సాగుతున్నాయి.

సోమవారం సాయంత్రం ఆవిడకు తల దువ్వుతున్నప్పుడు చాచీ లోపల ఉంది. చెప్పేశాను.

"అత్తమ్మా, ఆ రోజు నేను మిమ్మల్ని తప్పుగా అనుకున్నాను."

"ఎర్కే," అంది. దువ్వెన ఆగిపోయింది. "నీ జాగల నేనున్నా గట్లనే అనుకుందును. కని అడుగు బిడ్డా. అడిగితె చెప్తుంటి. అడుగకుంట తుడుస్తుంటె నేనీ ఇంట్ల లేనట్టే అనిపించె."

ఆ మాటకు నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. "జడ గట్టిగ అల్లు, వదులైతది," అంది. అదే ఆవిడ క్షమించడమని నాకు తెలుసు.

మంగళవారం నల్లా వచ్చినప్పుడు అందరం గుంత చుట్టూ నిలబడ్డాం. పైపు పొడిగా ఉంది. అయినా చాచా కడ్డీ పెట్టి విన్నారు. "సప్పుడు లేదు," అన్నారు. పెరట్లో సంపులో నీళ్ళు దబదబా పడుతున్న శబ్దం మాత్రం హాల్లోకి వినపడింది.

చాచీకి కృతజ్ఞత చెప్పబోతే మాట మధ్యలోనే ఆపేసింది. "మాకే మంచిగయింది. రిటైరయినంక ఈ మనిషిని ఎవరు ఏం అడుగలే. పేపరు చదువుకుంట కూసుండేటోడు. మొన్నటి సంది పొద్దుగాల్నే లేసి పాటలు పాడుతుండు," అంది. చాచా అరుగు మీద కడ్డీని పాత గుడ్డతో తుడుస్తున్నారు. వినపడనట్టే ఉన్నారు.

సిమెంటు ఆరడానికి ఇంకో రోజు పట్టింది. బుధవారం మంచం తెద్దామని వెళ్తే, అత్తమ్మ, "రేపు తెండ్రి, ఇయ్యాల చెల్లె నాకు సేమియా చేస్తనన్నది," అంది. గురువారం మంచం మాత్రమే మోశారు. ఆవిడ వాకర్ పట్టుకుని, ఒక పక్క చాచీ, ఒక పక్క నేను ఉండగా, మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుని నడిచి వచ్చింది. శనివారం మా ఆయన తలుపు తీసేసరికి ఎదురుగా తల్లి నిలబడి ఉంది. బ్యాగు కింద పెట్టకుండా చాలాసేపు అలాగే చూశారు. ఎవరికీ చెప్పకుండా ఎదురింటికి వెళ్ళి చాచా పక్కన అరుగు మీద కూర్చున్నారు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

అత్తమ్మ వానలు పడగానే ఊరికి వెళ్ళిపోతానంది కానీ వెళ్ళలేదు. పొలం కౌలుకిచ్చింది. రోజూ నాలుగింటికి మొహం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని వీధి దాటుతుంది. బడి నుంచి వచ్చేసరికి ఎదురింటి కిటికీలోంచి ఇద్దరి మాటలు వినిపిస్తాయి. నేను తాళం తీసి, బ్యాగు లోపల పడేసి, చెప్పులు విడవకుండానే అటు వెళ్తాను. చాచీ నాకూ ఒక కప్పు చాయ్ పోస్తుంది.